దావత్‌కు ముందు దండెం విప్పెయ్ బిడ్డా

బిడ్డా,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. సైనిక్‌పురి ఇంటి పెరట్లో మే ఆఖరి శనివారం దావత్ పెడుతున్నావని, మీ ఆఫీసువాళ్లు, వాళ్ల పిల్లలు, అల్లుడి తరఫువాళ్లు కలిపి ముప్పై మంది దాకా వస్తారని చెప్పింది. నాకు చాలా సంతోషమైంది. ఫంక్షన్ హాల్ మాట్లాడి, ప్లేటుకింత అని డబ్బులు కట్టేసే ఈ రోజుల్లో నువ్వు నలుగురిని ఇంటికి పిలిచి, చెట్టు కింద కూర్చోబెట్టి, చేత్తో వడ్డించాలనుకున్నావు. అది మీ నాయనమ్మ గుణం. మల్కాజిగిరి ఇంటికి ఎవరొచ్చినా ఆమె ముందుగదిలో కూర్చోనిచ్చేది కాదు, నేరుగా పెరట్లోకి తీసుకుపోయేది.

ఆ తర్వాత మీ అమ్మ నువ్వు పంపిన ఫొటో నాకూ పంపింది. మామిడిచెట్టు నుంచి ప్రహరీగోడ దాకా ఎర్రగీత గీసి ‘ఇక్కడ లైట్లు’ అని రాశావు. ఆ గీత పడ్డచోటనే బట్టలారేసే దండెం ఉంది. ఇనుప తీగ. అది చూసినప్పటి నుంచి నాకు నిమ్మళం లేదు. ఫోన్‌లో చెప్తే ‘సరే మామా’ అని ఇంకో పనిలో పడతావు. అందుకే రాస్తున్నా. పూర్తిగా చదువు.

ముందు చిన్న సంగతులు చెప్పేస్తా.

సాయంత్రం 5:30కు రమ్మన్నావట. వద్దు. నీ దావత్ రోహిణి కార్తెలో పడుతోంది. రోళ్లు పగిలే ఎండలని ఊరికే అనలేదు పెద్దలు. ఆ రోజుల్లో మన దగ్గర పొద్దు గుంకేసరికే 6:45 దాటుతుంది. పగలంతా కాగిన గోడ, గచ్చు ఆ తర్వాత కూడా సెగ కక్కుతూనే ఉంటాయి. ఏడింటికి రమ్మను. పెరట్లో నీళ్లు నాలుగింటికల్లా చల్లెయ్, మనుషులు వచ్చేసరికి మట్టి పీల్చుకొని ఉండాలి. పిలిచిన వాళ్లతో పాటు పక్కింటివాళ్లకూ ఒక మాట చెప్పు, వీలైతే వాళ్లనూ పిలువు. పాటలు పెట్టుకోండి కానీ రాత్రి పదింటికి స్పీకర్ బంద్ చెయ్యాలి, చట్టం కూడా అదే చెప్తుంది. సంపు మూత మీద బరువైన పూలకుండీ పెట్టించు. పిల్లలు ఆడుకునే చోట సంపు మూత తెరిచి ఉంటే ఏమవుతుందో పేపర్లో చదువుతూనే ఉన్నాం.

తిండి సంగతి మీ అత్తమ్మ పక్కన కూర్చొని చెప్తోంది, ఆమె మాటగానే రాస్తున్నా. మామిడిపండ్లు ముందురోజు కొనొద్దంట. కార్బైడ్ వేసి మాగేయడం నిషేధమే అయినా, వేసేవాళ్లు వేస్తూనే ఉన్నారు. నాలుగైదు రోజుల ముందే గట్టి కాయలు తెచ్చి ఎండుగడ్డిలో నువ్వే మాగేసుకో. గడ్డిఅన్నారం పోవద్దు, పండ్ల మార్కెట్ ఇప్పుడు బాటసింగారంలో ఉంది. కోసి పెట్టడానికి బేనిషాన్ తీసుకో, పిల్లలు పిసికి జుర్రుకోవడానికి రసాలు. హిమాయత్ దొరికితే అరడజను చాలు, పెద్దవాళ్లకు. పండ్లను కనీసం గంటసేపు బకెట్ నీళ్లలో వెయ్యి. వంట బగారా అన్నం, మామిడికాయ పప్పు, పచ్చిపులుసు, పెరుగన్నం చాలంది. పెరుగన్నంలో పాలు ఎక్కువ పోసి, తోడుకు సరిపడా పెరుగు మాత్రం కలిపితే రాత్రి దాకా పులవదు. చికెన్ పెడితే మాత్రం ఒకేసారి అంతా బయట పెట్టకు. ఆ వేడిలో వండినది గంటకు మించి బయట ఉంటే నమ్మొద్దు, కొంచెం కొంచెంగా వంటింట్లోంచి తెప్పించు. షర్బత్‌లో ఐసు ఇంట్లో గడ్డకట్టించిందే వెయ్యి. బయటి నుంచి తెచ్చిన గడ్డను గిన్నెల చుట్టూ పేర్చుకో, గ్లాసులోకి రానీయకు. తినడానికి పనికిరాని ఐసుకు నీలం రంగు కలపాలని 2018లో ఆహార భద్రత సంస్థ ఆర్డర్ వేసింది. రంగు లేదు కాబట్టి మంచిదే అనుకోవద్దు.

పచ్చిపులుసు తాను చేసి తెస్తానంటోంది. నువ్వు చెయ్యకు. నువ్వు చింతపండు ఎక్కువ వేస్తావు.

ఇప్పుడు గాలి సంగతి. నేను కరెంట్ డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా దిగినవాణ్ణి. మే నెల సాయంత్రాలు నా ఉద్యోగం అంతా రోడ్ల మీదే గడిచింది. మధ్యాహ్నం దాకా మండిపోతుంది, ఆకు కదలదు. నాలుగు దాటాక ఒక మూల నల్లబడుతుంది. పది నిమిషాల్లో దుమారం లేచి కొమ్మలు విరిగి లైన్ల మీద పడతాయి. ఆ గాలికి షామియానా ఆగదు. గుడ్డ గాలిని పట్టుకుంటే కర్రలతో సహా లేస్తుంది. నీకు ఎట్లాగూ చెట్టు ఉంది, వచ్చేది రాత్రికి. షామియానా వద్దే వద్దు. ఉరుము వినిపించిందంటే మాత్రం చెట్టు కింద ఒక్కరు కూడా నిలబడొద్దు, అందరినీ ఇంట్లోకి తోలు. ఫోన్‌లో దామిని అని ఒక యాప్ ఉంది, పిడుగుల గురించి ముందే చెప్తుంది. అల్లుడిని వేసుకొమ్మను. హాల్లో కుర్చీలు జరిపి ముప్పై మంది పట్టేట్టు ఆ పొద్దున్నే చూసి పెట్టుకో.

ఇక అసలు మాట. ఇది నీకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

నీ మొదటి పుట్టినరోజు ఆల్బమ్‌లో నాలుగు ఫొటోలే ఎందుకున్నాయని చిన్నప్పుడు అడిగేదానివి. కేక్ ముందు కూర్చున్న ఫొటో ఉంది, కోసిన ఫొటో లేదు. రీలు పాడైందని మీ అమ్మ చెప్పింది. రీలు పాడవలేదు బిడ్డా.

అదీ మే నెలే. మల్కాజిగిరి ఇంటి పెరట్లోనే. షామియానా వేశారు, కుర్చీలు వచ్చాయి, వంట పొయ్యి వెలిగింది. టెంట్ హౌస్ నుంచి తెచ్చిన సీరియల్ లైట్లు మీ నాన్న స్వయంగా కట్టాడు. మొదటి బిడ్డ, మొదటి పుట్టినరోజు. ఎవరినీ ముట్టనీయలేదు. కర్రలు తక్కువ పడ్డాయి. జామచెట్టుకూ గోడ కొక్కానికీ మధ్య దండెం తీగ ఉంది కదా, దాని చుట్టూ లైట్ల వైరు మెలి తిప్పుకుంటూ పోయాడు. చూసినవాళ్లంతా బాగుందన్నారు. నిజంగానే బాగుంది. ఆ వైరులో రెండుచోట్ల అతుకులున్నాయి, పైన టేపు చుట్టి ఉంది. ఆ రోజుల్లో అట్లాగే ఉండేవి, ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

సాయంత్రం గాలి లేచింది. షామియానా అంచు దండేనికేసి కొట్టుకుంది. కాసేపు వాన కురిసి ఆగింది. కరెంట్ పోలేదు, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. అందరూ మళ్లీ పెరట్లోకి వచ్చారు. నిన్ను ఎత్తుకున్న మీ అమ్మ చీర తడిసిందని, నిన్ను తుడుద్దామని, మీ నాయనమ్మ దండెం మీది తువ్వాలు తీయబోయింది. తడి నేల, వట్టి కాళ్లు. తువ్వాలుతో పాటు తీగ ఆమె కుడిచేతికి తగిలింది. చెయ్యి మూసుకుపోయింది, ఇక విడవలేదు.

నేను డ్యూటీ దిగి అప్పుడే గేటు తీస్తున్నా. అరుపు ఆమెది కాదు, ఆమెకు గొంతు రాలేదు. మీ అమ్మ అరిచింది. మీ నాన్న తల్లిని పట్టుకోవడానికి ఉరికాడు. పక్కింటాయన వెనక నుంచి నడుము పట్టి ఆపాడు. మీ నాన్న ఆయన్ని కొట్టాడు, తిట్టాడు, అయినా ఆయన వదల్లేదు. వదిలి ఉంటే ఇద్దరూ పోయేవాళ్లు. నేను వరండాలోకి ఉరికి మెయిన్ ఫ్యూజులు పీకేశా. ఆమె నేల మీద పడింది. ఊపిరి ఉంది.

ఫ్యూజు ఎందుకు కొట్టెయ్యలేదు అని అడుగుతావు, చదువుకున్నదానివి. తెలుసుకో. ఫ్యూజుగానీ, దాని బదులు ఇప్పుడు బోర్డులో పెట్టే ఎంసీబీ స్విచ్‌గానీ, వైర్లు కాలిపోకుండా కాపాడేవి. అవి పడిపోవాలంటే ఆంపియర్ల కొద్దీ కరెంట్ పారాలి. మనిషి ప్రాణం పోవడానికి ఒక్క ఆంపియర్‌లో పదో వంతు చాలు. వైరు అతుకు ఊడి రాగి తీగ దండేనికి తగిలింది. ఆ దండెం ఒక వైపు చెట్టుకు, ఇంకో వైపు గోడకు ఉంది కాబట్టి ఫ్యూజు పడేంత కరెంట్ భూమిలోకి పోయే దారి లేదు. అందుకే తీగలో కరెంట్ ఉన్నా లైట్లు మామూలుగానే వెలిగాయి, ఎవరికీ అనుమానం రాలేదు. భూమికి దారి దొరికింది ఆమె చేతిలోంచి.

నాయనమ్మ అరచేతిలో అడ్డంగా ఉన్న మచ్చ నీకు గుర్తుండే ఉంటుంది. అరిసెల నూనె పడ్డదని నీకు చెప్పింది. ఆస్పత్రి మంచం మీద కళ్లు తెరిచి ఆమె అన్న మొదటి మాట నేను విన్నా: “పొల్ల పేరు ఎవ్వలు ఎత్తొద్దు. నూనె వడ్డదని చెప్పుండ్రి.” పుట్టినరోజునాడే ఇట్లయింది, పిల్ల అడుగు మంచిది కాదు అని చుట్టాల్లో ఎవరైనా అంటారని ఆమె భయం. ఆ మాట నీ చెవిన పడకుండా బతికినన్నాళ్లూ కాపాడింది. ఇప్పుడు నీకు ముప్పై దాటాయి, నీకే ఒక సంసారం ఉంది. నీకు తెలియాలి అనిపించింది.

కాబట్టి చెప్పినట్టు చెయ్యి. ఆ దండెం విప్పి చుట్ట చుట్టి లోపల పడెయ్. దావత్ అయిపోయాక కూడా మళ్లీ ఇనుప తీగ కట్టొద్దు, నైలాన్ తాడు కట్టుకో. లైట్లు ఇనుప గ్రిల్లుకూ, గేటుకూ, రేకుల షెడ్డుకూ తగలకూడదు. ఎండిన వెదురు కర్రలు పాతించి, వాటికి తాడు కట్టి, తాడుకు వేలాడదీయించు, మనిషి చెయ్యి ఎత్తినా అందని ఎత్తులో. అడాప్టర్‌తో వచ్చే 12 వోల్టుల ఎల్‌ఈడీ లైట్లు దొరుకుతాయి, అవే కొను. అడాప్టర్ ఇంట్లో ఉంటుంది, పెరట్లోకి పోయేది తక్కువ వోల్టేజే. అతుకున్న వైరు ఎంత చిన్నదైనా వాడొద్దు. ఎక్స్‌టెన్షన్ బాక్సు గడ్డి మీద పెట్టొద్దు. ఇనుప బాడీ కూలర్ పెరట్లోకి అస్సలు తేవద్దు. నీళ్లు, మోటారు, ఇనుము, కింద తడి నేల, చుట్టూ పిల్లలు. ఆ నాలుగు గంటలకు స్టాండ్ ఫ్యాన్లు చాలు, వాటినీ వరండా గచ్చు మీదే నిలబెట్టు.

మీ ఇంటి మీటరు పక్కన బోర్డులో ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడు. మనిషిలోంచి కరెంట్ భూమిలోకి పారితే వెంటనే కొట్టేసే స్విచ్ అది. దాని మీద 30 ఎంఏ అని, టెస్ట్ అని రాసిన చిన్న బొత్తాం ఉంటుంది. నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే, మార్పించు. లేకపోతే ఇంటి ఓనరుతో మాట్లాడు, ఒప్పుకోకపోతే డబ్బులు నేనిస్తా. ఎర్తింగ్ గుంత ఎక్కడుందో ఓనరునే అడుగు. ఎండాకాలం అది ఎండిపోతే సరిగ్గా పని చెయ్యదు, ఈ వారం నుంచే రోజూ ఒక బకెట్ నీళ్లు పొయ్యి. మెయిన్ స్విచ్ ఎక్కడుందో నీకు, అల్లుడికి, వంటమనిషికి ముగ్గురికీ తెలిసి ఉండాలి. ఎవరికైనా షాక్ తగిలితే ముట్టుకోవద్దు, ముందు మెయిన్ ఆఫ్, తర్వాతే మనిషి. 108కి ఫోన్. వీధిలో తీగ తెగిపడితే 1912.

ఎక్కువ భయపెట్టానేమో. నీ సంతోషం తగ్గించాలని కాదు తల్లీ. లైట్లు పెట్టు, చాలా పెట్టు. మీ నాయనమ్మకు లైట్లంటే ఇష్టం. ఆస్పత్రి నుంచి వచ్చిన ఏడాది దీపావళికి ఆమే అడిగింది పెట్టమని. మీ నాన్న పెట్టలేదు. ఆ తర్వాత ఎప్పుడూ పెట్టలేదు. మీ ఇంట్లో దీపావళికి ప్రమిదలే ఎందుకో, నువ్వెంత ఏడ్చినా సీరియల్ సెట్ ఎందుకు కొనిపెట్టలేదో, నీకిప్పుడు అర్థమై ఉంటుంది.

దావత్ మాట చెప్తే నాన్న ‘ఊఁ’ అని ఫోన్ అమ్మకిచ్చేశాడని బాధపడ్డావట. ఆయనకు ఇష్టం లేక కాదు. ఆ ఫొటో ఆయన కూడా చూశాడు. రాత్రి నాకు ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “నువ్వు పోతవా బావా?” అని అడిగాడు. పోతానన్నా. ఇదంతా నీకు చెప్తానని కూడా అన్నా. వద్దనలేదు.

నువ్వు ఈ ఉత్తరం సంగతి ఎత్తకుండా ఆయనకు ఫోన్ చెయ్యి. కర్రలు ఎక్కడ పాతాలో వచ్చి చూపించమను. మంచి చెడ్డా చూడకుండా ఆయన ఏ పనీ చెయ్యడు ఇప్పుడు, ఆయన కన్నా జాగ్రత్తగా కట్టించేవాళ్లు నీకు దొరకరు. రానంటే బలవంతం చెయ్యకు, ఇంకో రెండుసార్లు అడుగు. వస్తాడనే అనుకుంటున్నా.

నేను, అత్తమ్మ శనివారం మూడింటికి వస్తాం. టెస్టరు, చెక్క నిచ్చెన నా దగ్గరున్నాయి, తెస్తా. మీ ఇంట్లో ఉన్నది అల్యూమినియం నిచ్చెన, ఫొటోలో చూశా. నేను వచ్చేదాకా అల్లుడిని దాన్ని ఎక్కనీయకు.

మీ మామ

పచ్చిపులుసుకు పెద్ద స్టీలు డబ్బా ఒకటి కడిగి పెట్టమంటోంది అత్తమ్మ.