పాత పేటెంట్ దస్త్రాల మీద మనసుపడిన అమ్మాయికి

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉంది. చరిత్ర అంటే ప్రాణం. ఎమ్మెస్సీ చదవనని, పేటెంట్, ట్రేడ్‌మార్క్ కార్యాలయాల పాత దస్త్రాలు భద్రపరిచే పనిలో చేరతానని పట్టుబడుతోంది. అది బతుకుతెరువు అవుతుందా? – ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, మీ అమ్మాయి ఎంచుకున్న విషయం మంచిదే. కానీ ఎమ్మెస్సీ మానేస్తే తాను వెళ్లాలనుకుంటున్న దారినే తాను మూసుకున్నట్టవుతుంది.

మన దేశంలో ఈ దస్త్రాల కథ 1856లో మొదలవుతుంది. ఆ ఏడాది వచ్చిన చట్టం కింద మార్చి 3న కలకత్తాకు చెందిన సివిల్ ఇంజనీరు జార్జ్ ఆల్‌ఫ్రెడ్ డిపెనింగ్ పంకా లాగే యంత్రానికి ప్రత్యేక హక్కు (నేటి మాటలో పేటెంట్) కోరుతూ అర్జీ పెట్టుకున్నాడు. సెప్టెంబరు 2న దాని వివరణను, బొమ్మలను సమర్పించాడు. పైకప్పుకు వేలాడే గుడ్డ పంకాను మనిషి తాడు పట్టి లాగుతూ ఉండే రోజులవి. ఆ కాలం మనిషి ఏ ఇబ్బందిని ఇబ్బందిగా గుర్తించాడో, దానికి ఏ ఉపాయం ఆలోచించాడో చెప్పే ఇలాంటి కాగితాలు చరిత్రకారులకు ఎంత విలువైనవో, నేటి పేటెంట్ పరిశీలకులకూ అంతే అవసరమైనవి. కొత్తదని చెప్పుకొనే ప్రతి ఆవిష్కరణనూ అంతకుముందే లోకానికి తెలిసిన దానితో పోల్చి చూడాల్సిందే. ఆ పూర్వ జ్ఞానాన్నే ఆ రంగంలో ప్రయర్ ఆర్ట్ అంటారు.

దీనికి పసుపు ఉదంతాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంట్ దక్కితే, మన దేశపు శాస్త్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ దానిని సవాలు చేసి, పాత సంస్కృత గ్రంథాన్నీ, 1953 నాటి ఒక భారతీయ వైద్య పత్రికలోని వ్యాసాన్నీ సాక్ష్యంగా చూపి, 1997లో రద్దు చేయించింది. మన వంటింటి డబ్బాలో ఉండే పసుపు కోసం అంత పోరాటం గెలిపించింది పాత కాగితాన్ని వెతికి పట్టుకోగలిగిన మనుషులు. మీ అమ్మాయి మనసుపడుతున్నది ఆ పని మీదేనని నా నమ్మకం.

అయితే పేటెంట్ కార్యాలయం ప్రధాన కేంద్రం కోల్‌కతాలో ఉంది. చెన్నై, ఢిల్లీ, ముంబైలలో శాఖలున్నాయి. మన రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై పరిధిలోకి వస్తాయి. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ ప్రధాన కార్యాలయం ముంబైలో ఉంది. అక్కడ కేవలం పాత దస్త్రాల కోసమే ఒక పోస్టు పడుతుందని హైదరాబాద్‌లో కూర్చుని ఎదురుచూడడం నేను ఒప్పుకోను. అలా రెండేళ్లు పోగొట్టుకున్న ఒక విద్యార్థిని చూసి బాధపడ్డాను.

కెమిస్ట్రీ విభాగంలో పేటెంట్ ఎగ్జామినర్ ఉద్యోగానికి ఆ సబ్జెక్టులో పీజీ అవసరం. ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్ నడిపే ఏడాది డిప్లొమా వైపు వెళ్లాలన్నా పీజీ ఉంటేనే మంచిది. డిగ్రీతో అందేది, ఇతరుల తరఫున పేటెంట్ దరఖాస్తులు నడిపే పేటెంట్ ఏజెంట్ల పరీక్ష: ఇరవై ఒక్క ఏళ్లు నిండిన సైన్స్ పట్టభద్రులు రాయవచ్చు. మన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం దూరవిద్యలో అందించే పేటెంట్ చట్టం పీజీ డిప్లొమా ఎమ్మెస్సీతో పాటే చదువుకోదగ్గది. ఆ అర్హతలతో ఒక పేటెంట్ సెర్చ్ సంస్థలో చేరితే, పాత స్పెసిఫికేషన్లు (ఆవిష్కరణల వివరణ పత్రాలు) చదవడమే ఆమె రోజువారీ పని అవుతుంది.

ఆమె ఇష్టం ఎంత గట్టిదో తేల్చడానికి ఈ సెలవుల్లో ఒక పని చేయించండి. జగదీశ్ చంద్రబోస్‌కు 1904లో అమెరికా ఇచ్చిన 755840 నంబరు పేటెంట్ గూగుల్ పేటెంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. విద్యుత్ తరంగాలను పసిగట్టే ఆ పరికరంలో ఆయన వాడిన గెలీనా అంటే లెడ్ సల్ఫైడ్. కెమిస్ట్రీ చదివిన పిల్లకు అది కొత్త కాదు. దాన్ని నిదానంగా చదివి, అప్పటికే తెలిసినదేమిటి, బోస్ కొత్తగా చేసినదేమిటి, చివరి క్లెయిములలో (హక్కు కోరే వాక్యాలలో) తనదని దేన్ని ప్రకటించుకున్నాడు అన్నవి ఒక పేజీలో తెలుగులో రాయమనండి. క్లెయిముల భాష మొదట విసుగు పుట్టిస్తుంది. రెండోసారి చదివేటప్పుడు ఒక్కో మాట ఎందుకు అక్కడుందో ఆమెకే తోచడం మొదలైతే, ఈ రంగం ఆమెకు సరిపోతుందని ధైర్యంగా అనుకోవచ్చు.

ఒక ఉదయం తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు కూడా తీసుకెళ్లండి. మొఘలుల కాలపు పారసీ పత్రాలను భద్రపరిచిన చోటది. దస్త్రాల సంరక్షణ అంటే ఏమిటో ఆ పని చేసేవారిని అడిగే తెలుసుకోవాలి. ఆ రెండూ అయ్యాక, పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ దరఖాస్తు గడువు దాటకముందే ఆమె రాసిన పేజీని జతచేసి నాకు మళ్లీ రాయండి.