జర్మన్ రాకపోయినా 1930 నాటి 'త్రీపెన్నీ ఒపేరా' రికార్డులు ఎలా వినాలి?

మీరు అడిగింది ఇది: ఎవరో గొప్పగా చెబితే 'త్రీపెన్నీ ఒపేరా' పాత జర్మన్ రికార్డింగు పెట్టుకున్నారు. గరగరమనే శబ్దం మధ్య ఎవరో సగం పాడుతూ సగం మాట్లాడుతున్నారు, ఒపేరా గొంతుల్లా లేవు, ట్యూన్లు మాత్రం హాయిగా ఉన్నాయి. ఇందులో వ్యంగ్యం ఎక్కడుంది, శుభ్రంగా ఉండే కొత్త రికార్డింగు వింటే సరిపోదా అని.

సరిపోదు, ముందు పాతదే వినండి. ట్యూన్ హాయిగా ఉందన్నారు చూడండి, వ్యంగ్యం దాక్కున్నది అక్కడే. ఆ హాయిని చెడగొట్టకుండా పాడటం 1930 నాటి వాళ్ళకు తెలిసినంత బాగా తర్వాత చాలామందికి తెలియలేదని నా గట్టి నమ్మకం.

కథ రెండు ముక్కల్లో చెబుతాను. లండన్‌లో పీచమ్ అనే అతను ముష్టిని వ్యాపారంగా నడుపుతుంటాడు. ఎవరు ఏ వీధిలో అడుక్కోవాలో లైసెన్సు ఇస్తాడు, చిరిగిన బట్టలు, కట్టె కాళ్ళు అద్దెకిస్తాడు. అతని కూతురు పాలీని మెకీత్ అనే దొంగల నాయకుడు పెళ్ళి చేసుకుంటాడు. ఆ దొంగకూ పోలీసు అధికారి టైగర్ బ్రౌన్‌కూ పాత స్నేహం, ఇద్దరూ సైన్యంలో కలిసి పనిచేసినవాళ్ళు. చివర్లో మెకీత్‌ను ఉరితీయబోతుండగా రాణిగారి దూత గుర్రం మీద వచ్చి క్షమాభిక్షతో పాటు ఒక కోట, పింఛను కూడా ప్రకటిస్తాడు. ఒపేరాల్లో అన్నీ సుఖాంతం కావాలి కదా! జాన్ గే 1728లో లండన్‌లో వేసిన 'బెగ్గర్స్ ఒపేరా'ను ఎలిజబెత్ హౌప్ట్‌మాన్ జర్మన్‌లోకి తెస్తే, దాని మీద బెర్టోల్ట్ బ్రెష్ట్ నాటకం కట్టాడు, కుర్ట్ వైల్ సంగీతం రాశాడు. 1928 ఆగస్టు 31న బెర్లిన్‌లోని షిఫ్‌బావర్‌డామ్ థియేటర్‌లో మొదటి ప్రదర్శన. పాత ఒపేరా నుంచి వైల్ ఉంచుకున్న బాణీ ఒక్కటే, పొద్దున్నే పీచమ్ పాడే ప్రార్థన.

మొదటి పాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. నాకు ఈ ఒపేరా అర్థమైంది అక్కడే. వీధి గాయకుడు మెకీత్ నేరాలన్నీ వరుసగా చెప్పే పాట అది. మన చేర్యాల పటం కథల్లో బొమ్మ చూపిస్తూ కథ పాడినట్టే, జర్మనీ సంతల్లో కూడా గాయకులు బొమ్మల బోర్డు మీద కర్రతో చూపిస్తూ హత్యల కథలు పాడేవాళ్ళు. పక్కన పిడి తిప్పితే మోగే ఆర్గన్ పెట్టె ఉండేది. వైల్ ఆ పద్ధతినే తీసుకున్నాడు.

మా ఇంట్లో హార్మోనియం ఉంది. చిన్నప్పుడు నేర్చుకున్న గీతాలూ, నాటక పద్యాలూ ఇప్పటికీ వాయిస్తుంటాను. ఒకరోజు ఈ పాట రికార్డు పెట్టి, మెట్లు వెతుక్కుంటూ పక్కనే వాయించాను. శంకరాభరణం స్వరాల్లో చెప్పాలంటే గ ప ద, మళ్ళీ గ ప ద. కింద స గ ప మోగుతుంటే పాట వెళ్ళి ద మీద కూర్చుంటుంది. ఆధార షడ్జం మీద దిగి 'అమ్మయ్య, అయిపోయింది' అనిపించాల్సిన చోట దిగదు. అలా అని అపస్వరంలాగా కూడా ఉండదు, తియ్యగానే ఉంటుంది. ఆ తీపి మీదే షార్కు చేప పళ్ళు, థేమ్స్ నదిలో శవాలు, సోహోలో నిప్పంటుకుని చనిపోయిన ఏడుగురు పిల్లలు, ఒక ముసలాయన, ఒకరి తర్వాత ఒకరు వస్తారు. చరణం మారుతుంది, నేరం పెద్దదవుతుంది, ట్యూన్ మాత్రం అంగుళం కదలదు. చరణం చరణానికీ మారేది వెనకున్న వాద్యాలే. వాయిస్తూ ఉండగా నాకు ఒళ్ళు జలదరించింది. పిల్లల చావు దగ్గర కూడా నా వేళ్ళు అదే హుషారుతో అవే మెట్ల మీద ఆడుతున్నాయి. వినేవాళ్ళను కూడా నేరంలో కలిపేసుకునే పాట ఇది. వైల్ రాసిన స్వరరచనలో హార్మోనియం కూడా ఉంది. మన నాటకాల పెట్టె బెర్లిన్ నాటకంలో వినిపిస్తే నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

1930 డిసెంబరులో తీసిన రికార్డుల్లో ఈ పాట పాడింది కుర్ట్ గెరోన్. భారీ మనిషి, కాబరే నటుడు (పాటలూ, వ్యంగ్యమూ కలిపి చిన్న వేదికల మీద వేసే ప్రదర్శన అది). మొదటి ప్రదర్శనలో టైగర్ బ్రౌన్ వేషం, వీధి గాయకుడి పాట రెండూ ఆయనవే. వినండి, ఎక్కడా భయపెట్టడానికి ప్రయత్నించడు, పళ్ళు కొరకడు. పేపర్లో వార్త చదివి వినిపించినట్టు తాపీగా పాడతాడు. తర్వాత కాలంలో ఇంగ్లీషులో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, బాబీ డారిన్ పాడాక ఇది హుషారైన జాజ్ పాటగా ప్రపంచమంతా తిరిగింది. అవీ నాకిష్టమే. కానీ గెరోన్ దగ్గర ఉన్న చల్లదనం వాటిలో లేదు. ఆయన యూదుడు. నాజీలు ఆయన్ని తెరెజీన్‌స్టాట్ శిబిరంలో పెట్టి, శిబిరం ఎంత బాగుందో చూపించే ప్రచార చిత్రానికి దర్శకత్వం చేయించి, 1944లో ఆష్విట్జ్‌కు పంపి చంపేశారు. ఇది తెలిశాక ఆ గొంతును మామూలుగా వినడం నా వల్ల కాలేదు.

ఒపేరా గొంతులు కావన్న మీ మాట నిజమే. వీళ్ళు నటులు, కాబరే గాయకులు. వైల్ కోరుకున్నదీ వాళ్ళనే. పీచమ్ పాత్రలో ఎరిష్ పోంటో మొదటి ప్రదర్శనలో ఉన్నవాడే, రికార్డుల్లోనూ ఆయనే. వాయించింది కూడా మొదటి రోజు వాయించిన లూయిస్ రూత్ బ్యాండే, నడిపించింది థియో మాకెబెన్. ఏడుగురు వాద్యకారులు ఇరవైకి పైగా వాద్యాలు మార్చి మార్చి వాయించేలా రాసిన సంగీతం అది: శాక్సాఫోన్, ట్రంపెట్, బాంజో, హవాయి గిటార్, బాండోనియన్. కొత్త రికార్డింగుల్లో ఒక్కోసారి పెద్ద ఆర్కెస్ట్రా, శిక్షణ పొందిన గొంతులు పెడతారు. అప్పుడు పాట నిండుగా, ఘనంగా వినిపిస్తుంది, పక్కవీధి వాసన పోతుంది. అలాంటివి నేను రెండోసారి వినలేకపోయాను.

ఇక వైల్ భార్య, గాయని లోటే లేన్యా. 'సముద్రపు దొంగ జెన్నీ' పాటను మాత్రం మాటల అర్థం ముందే చదువుకుని వినండి. సత్రంలో గ్లాసులు కడిగే పనిపిల్ల పాట అది. చిల్లర పడేసి వెళ్ళే పెద్దమనుషులను చూస్తూ, ఎనిమిది తెరచాపలూ యాభై ఫిరంగులూ ఉన్న ఓడ ఒకటి రేవులోకి వస్తుందని ఊహించుకుంటుంది. ఊరంతా కూలుతుంది. ఓడవాళ్ళు మనుషులను గొలుసులతో కట్టి తెచ్చి, ఎవరిని చంపమంటావని ఆమెనే అడుగుతారు. అక్కడ సంగీతం తగ్గిపోతుంది. 'అందరినీ' అంటుంది లేన్యా, పాడకుండా మాటగా. తలలు తెగుతుంటే చిన్నపిల్ల ఏదో చేజారితే అన్నట్టు ఒక చిన్న మాట అంటుంది, అంతే. 1930లో ఆమె గొంతు సన్నగా, పైస్థాయిలో, ఇంకా పాలుగారే పిల్ల గొంతులా ఉంటుంది. కోపం అరుపులో లేదు కాబట్టే అంత భయం వేస్తుంది.

రికార్డు సాంకేతికత సంగతి క్లుప్తంగా: ఇవి నిమిషానికి 78 చుట్లు తిరిగే నాలుగు రికార్డులు, ఒక్కో ముఖం మీద పట్టేది మూడు నిమిషాలు అటూ ఇటూ. అందుకే పాటలు కుదించారు, మధ్యలో కథను అందించే చిన్న మాటలున్నాయి. మొత్తం ఒపేరా ఇందులో దొరకదు, దాని ప్రాణం దొరుకుతుంది. గరగర పోవాలని బాగా 'క్లీన్' చేసిన ప్రతులు కొనకండి. శబ్దంతో పాటు హల్లుల అంచులు కూడా పోతాయి, ఈ పాటలన్నీ హల్లుల మీదే నిలబడ్డాయి. నాకు జర్మన్ నేర్పిన టీచర్‌గారు ఉచ్చారణ కోసమే క్లాసులో ఈ రికార్డులు పెట్టేవారు. బ్రెష్ట్ తానే 1929లో మొదటి పాటను రికార్డు చేశాడు, దొరికితే అదీ వినండి, 'ర' అక్షరాన్ని ఎలా దొర్లిస్తాడో!

1933లో నాజీలు అధికారంలోకి రాగానే వైల్ దేశం విడిచి వెళ్ళిపోయాడు, ఈ సంగీతాన్ని నిషేధించారు. 1938లో డ్యూసెల్‌డార్ఫ్‌లో 'భ్రష్ట సంగీతం' పేరుతో పెట్టిన ప్రదర్శనలో వైల్‌నూ చేర్చారు. ఆయన 1950లో న్యూయార్క్‌లో చనిపోయాడు. ఆ తర్వాత భార్య లేన్యా పట్టుబట్టి ఆయన పాటలను తిరిగి బతికించింది. 1958లో బెర్లిన్‌లో విల్‌హెల్మ్ బ్రూక్నర్-రూగెబెర్గ్ నిర్వహణలో తీసిన రికార్డింగు ఆ కృషి ఫలితమే. పాటల వరుస, కథ తెలియాలంటే రెండోసారి అది వినండి. అందులో లేన్యా గొంతు బాగా కిందికి దిగి, బొంగురుపోయి ఉంటుంది, పాటలను ఆమె కోసం శ్రుతి తగ్గించారు. లేన్యా అంటే ఈ బొంగురు గొంతే అని లోకం అనుకుంటుంది. కానీ వైల్ చెవిలో పెట్టుకుని రాసింది ఆ పాత సన్నటి గొంతును. జెన్నీ పాటను రెండు రికార్డింగుల్లోనూ వెంటవెంటనే వింటే ఒకదానిలో కల, ఇంకొకదానిలో పగ వినిపిస్తాయి. విల్లీ ట్రెంక్-ట్రెబిష్ అనే నటుడు 1930లో మెకీత్‌గా పాడి, 1958లో మామగారు పీచమ్ పాత్ర పాడాడు. నేను ఎవరికి వినిపించినా ఈ సంగతి తప్పకుండా చెబుతాను.

భారతీయులుగా మనం వదలకూడని పాట ఒకటుంది: మెకీత్, బ్రౌన్ పెళ్ళిలో పాడే ఫిరంగి పాట. సైన్యంలో గడిపిన రోజులను తలుచుకుంటూ మంచి ఫాక్స్‌ట్రాట్ డాన్సు తాళంలో ఊగుతూ పాడతారు. పల్లవిలో మన కూచ్ బెహార్ పేరు వస్తుంది, జాగ్రత్తగా వింటే పట్టేయొచ్చు. దారిలో కొత్త జాతి మనుషులు ఎదురైతే, గోధుమరంగు వాళ్ళైనా తెల్లవాళ్ళైనా, పచ్చి మాంసం కైమా చేసేస్తాం అని ఆ పల్లవికి అర్థం. పెళ్ళివారు దానికి చప్పట్లు కొడతారు. వలసపాలన మీద ఇంత సూటిగా, ఇంత నవ్వుతూ కొట్టిన దెబ్బ ఆనాటి యూరప్ రంగస్థలం మీద నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

మరాఠీ అర్థమైతే ఇంకో దారి కూడా ఉంది. పు.ల. దేశ్‌పాండే 1978లో దీన్ని 'తీన్ పైశాచా తమాషా'గా రాశారు, జబ్బార్ పటేల్ దర్శకత్వం. అంతకుముందే బెంగాలీలో అజితేశ్ బందోపాధ్యాయ్ 'తీన్ పయసార్ పాలా' వేశారు. ఇవి విన్నా, చదివినా మెకీత్ మీకు పరాయివాడిలా అనిపించడు. ముందు మాత్రం ఆ నాలుగు రికార్డులే, వరుస మార్చకుండా, మాటల అర్థం చేతిలో పెట్టుకుని.