గోరింటాకు, గాజులు, నర్సు చేతులు

ప్రశ్న: నేను ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సును. డ్యూటీలో మట్టి గాజులు తీసేయమని హెడ్ నర్సు అంటున్నారు, అత్తగారేమో వద్దంటున్నారు. ఆషాఢంలో గోరింటాకైనా పెట్టుకోవచ్చా?
– ఒక సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: ఆరిన గోరింటాకు చర్మానికి పట్టిన రంగే కనుక నిశ్చింతగా పెట్టుకోండి. గాజుల సంగతి వేరమ్మా: సబ్బు నురగ వాటి కిందికి సరిగా చేరదు, తడి అక్కడే నిలుస్తుంది, ఆ చెయ్యే అప్పుడే పుట్టిన బిడ్డ బొడ్డును తాకుతుంది. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు తోటి వైద్యులచేత క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించడం మొదలుపెట్టాక బాలింతల మరణాలు బాగా తగ్గాయి. గోళ్లు అర సెంటీమీటరు లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మంగళసూత్రాన్ని యూనిఫాం లోపలికి వేసుకోవచ్చు. గాజులు డ్యూటీ దిగగానే మళ్లీ తొడుక్కుంటానని, అవి తీసేది పసిబిడ్డల కోసమేనని అత్తగారికి నెమ్మదిగా చెప్పండి.