కోడలి నక్షత్రం, మామగారి రొయ్యల గుంట

జ్యోతిషం నేర్చుకుంటే ఇతరులను ఎంచే బుద్ధి తగ్గి, ఆధ్యాత్మికంగా ఎదగవచ్చా అని అడిగారు. ఎదగవచ్చు. కాని మా నెల్లూరు వైపు జాతకాలు తిరగేసేవారిలో చాలామంది ఎదుటివారి లోపాలు వెదకడానికే పంచాంగం తెరుస్తారన్నది నా గట్టి అభిప్రాయం.

మా పెద్దనాయన తెలుగు పండితుడిగా ఉద్యోగ విరమణ చేశాక, మూలాపేటలో ఇంటి అరుగు మీద కూర్చొని రూపాయి పుచ్చుకోకుండా జాతకాలు చూసేవారు. ఒకనాడు విడవలూరు వైపు నుంచి ఒక రొయ్యల రైతు కోడలి జాతకం పట్టుకొని వచ్చాడు. ఆ అమ్మాయిది మూలా నక్షత్రమని, ఆమె కాపురానికి వచ్చిన ఏడాదే తన గుంటలకు తెల్లమచ్చ వైరస్ తగిలి పంటంతా పోయిందని చెప్పి, శాంతి చేయించాలా, పుట్టింటికి పంపేయాలా అని అడిగాడు. పెద్దనాయన ఆ కాగితం విప్పనే లేదు.

"ఏం అబ్బయా, నీ గుంటలే పోయినాయా, పక్కోళ్లవి కూడా పోయినాయా?"

"ఆ కాలవ మీద ఉండేటియన్నీ పోయినాయి అయ్యోరా."

"అయితే వాళ్ల కోడళ్లందరిదీ మూలా నక్షత్రమేనా?"

రైతు నోరు మెదపలేదు. సీడ్ (రొయ్య పిల్లలు) ఎక్కడ తెచ్చాడో, గుంటలో వదిలేముందు వాటిలో వైరస్ ఉందేమో చూసే పీసీఆర్ పరీక్ష చేయించాడో లేదో కూడా పెద్దనాయన ఆరా తీశారు, చేయించలేదని తేలింది. "ఆ బిడ్డది కాదు, నీ జాతకం తెచ్చుకో, చూస్తా" అని కాగితాన్ని వేసిన మడత వేసినట్టే అతని చేతిలో పెట్టారు.

మూలా నక్షత్రపు కోడలు మామకు గండమని గడగడా వల్లించేవారు, ఆ నక్షత్రానికి అధిపతి కేతువని, ఆ కేతువునే మోక్షకారకుడంటారని ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. పుట్టిన నక్షత్రాన్ని బట్టి మనుషులను దేవ, మనుష్య, రాక్షస అని విడదీసే గణాల సంగతీ అంతే. 27 నక్షత్రాలలో 9 రాక్షస గణంలోకి వస్తాయి. అంటే మన చుట్టూ ఉన్నవారిలో ఇంచుమించు మూడో వంతు మందిది ఆ గణమే. స్వభావ భేదం తెలుసుకొని సర్దుకుపోవడానికి పెట్టిన విభాగాన్ని మనవారు తిట్టుగా మార్చుకున్నారు. పెళ్లికి వధూవరుల జాతకాలు కలిపి చూసే పొంతనలో ఉండే 36 గుణాలలో గణానికి దక్కేది 6 మాత్రమే అయినా, ఫోన్ యాప్‌లో ఆ ఒక్క వరుస ఎర్రగా కనబడగానే సంబంధం వదులుకున్న ఇళ్లు మా బంధువర్గంలోనే ఉన్నాయి. ఆ యాప్‌లకు గుణాలు కూడడం వచ్చుగాని, ఎదురుగా కూర్చున్న పిల్ల కళ్లల్లోకి చూసి మాట్లాడడం రాదు.

ఏలినాటి శనిని తీసుకోండి. శని రాశిచక్రాన్ని చుట్టి రావడానికి దాదాపు 30 ఏళ్లు తీసుకుంటాడు. జన్మరాశికి, అంటే పుట్టినప్పుడు చంద్రుడున్న రాశికి, పన్నెండో ఇంట, జన్మరాశిలో, రెండో ఇంట అతడుండే ఏడున్నర ఏళ్లే ఏలినాటి శని. ఏ రోజు లెక్క తీసినా 12 రాశులలో మూడింటివారు దానిలోనే ఉంటారు, అరవై ఏళ్లు బతికినవారు ఎవరైనా దానిని రెండుసార్లు దాటవలసిందే. ఈ లెక్క నిజంగా మనసుకెక్కినవారు, వ్యాపారం దెబ్బతిన్న పొరుగువాణ్ణి చూసి "వాడి కర్మ" అని పెదవి విరవలేరు. నా దృష్టిలో జ్యోతిషం ఇవ్వగల ఆధ్యాత్మిక లాభమంతా ఈ ఒక్క చోటే ఉంది. రత్నాల ఉంగరాలు, వేలకు వేలు పోసే హోమాలు దానికి సాటి రావు.

పెద్దనాయన కాలం చేశాక ఆయన పంచాంగాలు నా దగ్గరికి వచ్చాయి. పొంతన చూడమని వచ్చేవారికి నేను మొత్తం గుణాలు చెబుతాను గాని, అమ్మాయి గణాన్ని విడదీసి చెప్పను. ఇది శాస్త్రాన్ని దాచిపెట్టడమేనని మా మేనత్త కొడుకు ప్రతి పెళ్లిలోనూ నాతో వాదనకు దిగుతాడు.