మామిడిపండు పెట్టొచ్చు, భయమంతా టెంకతోనే

మీది రెండేళ్ల లాబ్రడార్ అన్నారు. వేసవిలో మనం తినే మామిడి, పుచ్చకాయ, ముంజలు, ఉగాది వంటలు దానికీ కాస్త పెట్టొచ్చా అని అడిగారు. పండ్ల వరకూ పెట్టొచ్చు. నేను వెటర్నరీ డాక్టర్ని కాదు, టెంక దెబ్బకి ఆపరేషన్ దాకా వెళ్లొచ్చినవాణ్ని.

మా టైగర్ పేరుకే టైగర్. వీధిలో దొరికిన నాటు కుక్క, 15 కిలోలుంటాడు, టపాకాయ పేలితే మంచం కిందే కాపురం. రెండేళ్ల క్రితం మే నెలలో నూజివీడు దగ్గర మా అత్తగారి ఊరు వెళ్లాం. భోజనాలయ్యాక బేసిన్ నిండా నీళ్లు పోసి, అందులో చిన్న రసాలు వేసుకుని, అరుగు మీద కూర్చుని జుర్రుతున్నాం. మా మావయ్యగారు "పాపం, వాణ్ని కూడా నాకనీరా" అంటూ చీకేసిన టెంక ఒకటి వాడి ముందు పడేశారు. బంగినపల్లి టెంకైతే నోట్లో పట్టక కాసేపు నాకి వదిలేసేవాడేమో. చిన్న రసం టెంక చిన్నది, పైగా జారుడు. నేను లేచేలోపే గుటుక్కున మింగేశాడు.

ఆ రాత్రి బాగానే ఉన్నాడు. మర్నాడు పొద్దున్నించి వాంతులు. అన్నం దగ్గరికే రాలేదు, తాగిన నీళ్లు తాగినట్టే కక్కేశాడు. పక్కింటాయన ఉప్పునీళ్లు పట్టమన్నారు. మీరు మాత్రం ఎప్పుడూ ఆ పని చేయకండి. ఒంట్లో ఉప్పు ఎక్కువైతే అదే ప్రాణం మీదకి తెస్తుంది, పైకొచ్చే టెంక గొంతులో అడ్డం పడొచ్చు కూడా. కారులో వేసుకుని విజయవాడ తీసుకొచ్చాం. ఎక్స్‌రేలో సరిగా తెలియలేదు, స్కాన్ తీస్తే పేగులో ఇరుక్కుని కనపడింది. అదే రోజు ఆపరేషన్ చేశారు. తర్వాత డాక్టర్ గారు దాన్ని స్టీలు ట్రేలో పెట్టి చూపించారు. పీచు పీచులాగే ఉంది, పసుపు రంగు కూడా పోలేదు. మావయ్యగారు ఆ ఏడాది మళ్లీ మామిడిపండు ముట్టుకోలేదు.

ఇప్పటికీ వాడికి మామిడి పెడుతున్నాను. తొక్క, టెంక తీసేసి, బొటనవేలి గోరంత ముక్కలు ఓ నాలుగైదు. కుక్కకి రోజుకి కావలసిన కేలరీల్లో ఇలాంటి చిరుతిళ్లు పదో వంతు దాటకూడదని డాక్టర్లు చెప్తారు. మా వాడి సైజు కుక్కకి అది 75 కేలరీల దాకా వస్తుంది. వంద గ్రాముల మామిడి గుజ్జులోనే 60 ఉంటాయి. లాబ్రడార్లు ఊరికే ఒళ్లు చేస్తాయి కాబట్టి మీరు ఇంకా తగ్గించండి. షుగర్ ఉన్న కుక్కకైతే డాక్టర్ని అడగకుండా పెట్టొద్దు. పుచ్చకాయ ఎర్రగుజ్జు మంచిదే, గింజలు ఏరేసి, పచ్చటి చెక్క దూరంగా పారేయండి. ముంజలు మా వాడికి ప్రాణం. పైనున్న లేత పొట్టు ఒలిచి చిన్న ముక్కలు చేసి పెడతాను, ఎప్పుడూ ఇబ్బంది పడలేదు. వానాకాలంలో మొక్కజొన్న గింజలు నాలుగు వేయొచ్చు కానీ, తినేసిన కంకి కూడా టెంకలాగే పేగుకి అడ్డం పడుతుంది. సీతాఫలం గింజలు విషం, అందుకని ఆ పండు జోలికే పోము.

ద్రాక్ష మాత్రం ఒక్కటి కూడా వద్దు. కొన్ని కుక్కలకి కొన్ని పండ్లతోనే కిడ్నీలు దెబ్బతింటాయి, ఏ కుక్కకి ఎన్నింటితో అనేది ముందుగా తెలియదు. ఎండుద్రాక్షా అంతే. ఉగాదికి పరమాన్నంలో నేతిలో వేయించి వేసేది అదే కదా! ద్రాక్షలో కీడు చేసేది టార్టారిక్ ఆమ్లమని అమెరికా వెటర్నరీ డాక్టర్లు 2021లో అనుమానం బయటపెట్టారు. ఆ ఆమ్లం చింతపండులో ఇంకా ఎక్కువ, చింతపండు తిని కిడ్నీలు పాడైన కుక్కల కేసులు కూడా తర్వాత రాశారు. అది చదివాక మా ఇంట్లో పులిహోర, ఉగాది పచ్చడి వాడికి బంద్. ఒకవేళ తినేస్తే వాంతులయ్యేదాకా చూడకండి. మొదటి రెండు గంటల్లో తీసుకెళ్తే డాక్టరే కక్కించగలరు.

వేసవిలో ఇంకొకటి, ఆవకాయ కలిపిన బేసిన్. జాడీకి ఎత్తాక అందులో వేడన్నం కలిపి ముద్దలు పెట్టుకుని, ఆ బేసిన్ అలాగే పెరట్లో పడేస్తాం, కుక్క నాకుతుంది. వెల్లుల్లి, ఉల్లి కుక్క నెత్తురులోని ఎర్రకణాలని పగలగొడతాయి. ఉడికినా, వేగినా అంతే. పైగా రెండు మూడు రోజులకి గానీ నీరసం బయటపడదు కాబట్టి తిన్నది మనకి గుర్తుండదు. "నాటు కుక్క కదండీ, రాళ్లు తిన్నా అరిగించుకుంటుంది" అనేవాళ్లు చాలామంది తగిలారు. అరిగించుకోలేనివి వీధిలో ఎన్ని చచ్చిపోతున్నాయో ఎవరు చూశారు? పండగ రోజు మా వాడికి ఉప్పు వేయని పెరుగన్నం, ఉడికించిన చిలగడదుంప ముక్క. దానికే తోక ఆగదు.

అసలు కష్టం కుక్కతో కాదు, చుట్టాలతో. మన కళ్లు కప్పి బల్ల కింద నుంచి పెట్టేస్తారు. అందుకే ఇప్పుడు రసాలు తినేటప్పుడు మా అత్తగారు లెక్క పెట్టుకుంటారు. బేసిన్‌లోకి 20 పళ్లు వేస్తే కవర్లో 20 టెంకలు పడాలి. లెక్క తేలాకే కవర్ మూతి ముడేసి, మూత గట్టిగా పట్టే చెత్తడబ్బాలో వేస్తారు. పోయిన వేసవిలో ఒకటి తగ్గింది. అందరం అరుగు కిందంతా వెతికితే, మా మూడేళ్ల మేనల్లుడు జేబులోంచి తీసి ఇచ్చాడు, టైగర్ కోసం దాచాడట.