క్రాన్ రిపోర్టు 9కి బదులు 2:30కి వస్తోందా?

క్రాన్ అంటే సర్వర్‌లో పనులను చెప్పిన టైమ్‌కి నడిపే ప్రోగ్రామ్. చెన్నైలో ఉదయం 9కి రావాల్సిన రిపోర్టు మధ్యాహ్నం 2:30కి వస్తోందంటే తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. సర్వర్ యూటీసీలో (మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) నడుస్తోంది. మీ స్క్రిప్టు తప్పేమీ లేదు.

1. 'డేట్' కమాండ్ కొట్టి ఖాయం చేసుకోండి.
2. క్రాన్‌ట్యాబ్‌లో (క్రాన్ టైమింగులు రాసే ఫైల్) 0 9 * * * తీసేసి 30 3 * * * పెట్టండి. నిమిషం ముందు, గంట తర్వాత.

టైమ్‌జోన్‌నే ఏషియా/కోల్‌కతాకి మార్చేశారా? అయితే 9నే ఉంచి, క్రాన్ సర్వీసును రీస్టార్ట్ చేయండి. చాలామంది మరిచేది ఇదే. క్రాన్ తను మొదలైనప్పటి జోన్‌నే పట్టుకుని కూర్చుంటుంది. (నేనైతే యూటీసీలోనే వదిలేస్తాను.)

యూటీసీలో ఒక మెలిక: మన ఉదయం 5:30 లోపు నడిచే జాబులకు వారం ఒకరోజు వెనక్కి జరుగుతుంది. సోమవారం తెల్లవారుజామున 5 అంటే అక్కడ ఆదివారం 23:30. సోమ-శుక్ర కావాలంటే 1-5 కాదు, 30 23 * * 0-4 (చివరివి వారంలో రోజులు, 0 అంటే ఆదివారం).