స్లీవ్ ఫెయిలై బరువు తిరిగొచ్చింది, ఇప్పుడు బైపాస్‌కి మార్చాలంటున్నారు. ముందుగా ఏమేం చూసుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఎత్తు 158 సెంటీమీటర్లు. ఆరేళ్ల కిందట 112 కిలోలున్నప్పుడు స్లీవ్ సర్జరీ, అంటే పొట్టలో ఎక్కువ భాగం కోసి తీసేసి సన్నని గొట్టంలా మిగిల్చే ఆపరేషన్, అయింది. ఏడాదిన్నరకి 74కి దిగారు, ఇప్పుడు 98. రాత్రి పడుకుంటే పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నుతున్నాయి. సర్జన్ దాన్ని బైపాస్‌గా, అంటే పొట్టను చిన్న సంచిగా చేసి పేగులో కొంత దూరం దాటించి కలిపే ఆపరేషన్‌గా, మారుద్దామన్నారు, రెండు నెలల్లో డేట్ తీసుకోమన్నారు.

ముందు లెక్క చూద్దామండీ. మీ ఎత్తుకి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే కొలత) 25 అంటే సుమారు 62 కిలోలు. అంటే సర్జరీ నాటికి మీ అదనపు బరువు 50 కిలోలు. అందులో 38 తగ్గారు, అంటే నూటికి 76. చాలా మంచి ఫలితం. ఇప్పుడు నిలబడింది 14 కిలోలే, నూటికి 28. సాధారణంగా అదనపు బరువులో సగం కూడా తగ్గకపోతే సర్జరీ పనిచేయలేదంటారు. మీ విషయంలో అది మొదట పనిచేసి తర్వాత జారిపోయింది. ఈ రెండూ వేరు. మొదటి నుంచీ తగ్గనివాళ్లలో ఆపరేషన్‌లోనే లోపం ఉందేమో వెతకాలి. తగ్గి పెరిగినవాళ్లలో ఆ గొట్టం సాగిందా, తిండి మారిందా, మందులో జబ్బో తోడైందా అని మూడు వైపులా చూడాలి. ఆ జవాబు రాకుండా డేట్ తీసుకోవద్దు. కారణం తెలియకుండా చేసిన రెండో సర్జరీ కూడా అదే కారణంతో ఫెయిలవ్వొచ్చు.

మొదటి పని పాత కాగితాలు. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే సరిపోదు, ఆపరేషన్ నోట్స్ కావాలి. పొట్టను ఎంత లావు బూజీ (కొలత కోసం పొట్టలోకి దింపే గొట్టం) మీద కోశారో అందులో ఉంటుంది. మామూలుగా 36 నుంచి 40 ఫ్రెంచ్ (గొట్టాల లావు కొలిచే యూనిట్) వాడతారు, 36 ఫ్రెంచ్ అంటే 12 మిల్లీమీటర్లు. హయాటస్ హెర్నియా (పొట్ట పైభాగం ఛాతీలోకి జరగడం) కనిపించిందా, కుట్టారా అన్నదీ, స్టేప్లర్ లైన్ (పొట్టను కోసి పిన్నులతో మూసిన గీత) మీద అదనంగా కుట్లు వేశారా అన్నదీ అందులోనే తెలుస్తుంది. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. కానీ భద్రపరచాల్సిన గడువు మూడేళ్లే, మీకు ఆరేళ్లయింది. అందుకే ఈ వారమే రాతపూర్వకంగా అడగండి. దొరకకపోతే పరీక్షల మీదే ఆధారపడాలి.

ఆ పరీక్షల దగ్గర తొందర పడొద్దు. ఎండోస్కోపీలో అన్నవాహిక అడుగున పుండు ఉందా, ఉంటే ఏ గ్రేడు, పొర రంగు మారి బ్యారెట్స్ (యాసిడ్ వల్ల అన్నవాహిక లోపలి పొర మారిపోవడం) లక్షణాలున్నాయా అన్నది చూస్తారు. అనుమానముంటే ముక్క తీసి బయాప్సీకి పంపాలి. దాంతోపాటు పొట్టలో ఉండే హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా పరీక్ష కూడా. గ్యాస్ మాత్ర వేసుకుంటూ ఆ పరీక్ష చేయించుకుంటే బ్యాక్టీరియా ఉన్నా నెగటివ్ రావచ్చు, కాబట్టి పాంటప్రజోల్ రెండు వారాల ముందు ఆపాలేమో డాక్టర్ని అడగండి. అయితే స్లీవ్ ఆకారం ఎండోస్కోపీలో పూర్తిగా అంచనాకు రాదు. దానికి బేరియం లాంటి మందు తాగించి తీసే ఎక్స్‌రే కావాలి. పైభాగంలో సంచిలా మిగిలిపోయిన ఫండస్, మధ్యలో వంపు దగ్గర ఇరుకు, ఛాతీలోకి జరిగిన పొట్ట ఇందులో బాగా కనిపిస్తాయి. కొన్నిచోట్ల గ్యాస్ పొడి మింగించి సీటీ తీసి, మిగిలిన పొట్ట ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో కొలుస్తారు.

వంపు దగ్గర ఇరుకు ఉందా లేదా అన్నది చాలా ముఖ్యం. స్లీవ్ తర్వాత పొట్ట అరటికాయంత సన్నని గొట్టం అవుతుంది. కింద పైలోరస్ కండరం మూతలా ఉంటుంది, మధ్యలో ఇరుకుంటే లోపల ఒత్తిడి పెరిగి యాసిడ్ పైకే తంతుంది. అలాంటి గొట్టాన్ని మళ్లీ కోసి సన్నం చేస్తే, అంటే రీ-స్లీవ్ చేస్తే, మంట ఇంకా పెరుగుతుంది. మీలా రిఫ్లక్స్ (యాసిడ్ పైకి ఎగదన్నడం) ఉన్నవాళ్లకి ఎవరైనా రీ-స్లీవ్ అంటే రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోవాల్సిందే.

ఇక 'బైపాస్' అన్న మాట. మన దగ్గర ఈ ఒక్క మాటలోనే రెండు వేర్వేరు ఆపరేషన్లు నడుస్తున్నాయి. ఒకటి రూ-ఎన్-వై, రెండు చోట్ల పేగును కలుపుతారు. రెండోది మినీ బైపాస్, ఒక్కచోటే కలుపుతారు, టైమ్ తక్కువ పడుతుంది. మినీలో పైత్యరసం ప్రయాణించే పేగు నేరుగా పొట్ట సంచికే అతికి ఉంటుంది, కాబట్టి పైత్యం పైకి వచ్చే వీలుంది. రూ-ఎన్-వైలో పైత్యం చాలా కిందకి వెళ్లాక గానీ ఆహారంతో కలవదు. రిఫ్లక్స్ ప్రధాన బాధ అయినప్పుడు ఎక్కువమంది సర్జన్లు రూ-ఎన్-వై వైపే మొగ్గుతారు. మీది ఏదో పేరు పెట్టి అడగండి. పేగు ఎంత పొడవు దాటిస్తారు, మొత్తం చిన్నపేగును కొలుస్తారా అని కూడా అడగండి. అందరి పేగూ ఒకే పొడవుండదు. కొలవకుండా ఎక్కువ దాటిస్తే బరువు బాగానే తగ్గుతుంది, కానీ ప్రొటీన్ ఒంటికి పట్టక, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పడిపోయి కాళ్లు వాస్తాయి, జిడ్డు విరేచనాలవుతాయి. వేసిన కొలతలు ఈసారైనా డిశ్చార్జ్ సమ్మరీలో రాయించుకోండి.

పొట్ట సాగిందా, తిండి మారిందా అన్నది ఇంట్లోనే కొంత తెలుస్తుంది. నీళ్లు తాగకుండా, అన్నం లేకుండా, 100 గ్రాముల గట్టి పనీరో వేపుడు కాని చికెనో నెమ్మదిగా నమిలి తినండి. దాంతోనే ఛాతీ కింద నిండినట్టుంటే గొట్టం ఇంకా అడ్డుకుంటోందన్నమాట. అప్పుడు బరువు పెంచుతున్నది జారిపోయే తిండి. పెరుగన్నం, టీలో ముంచిన బిస్కెట్లు, మరమరాలు, కారప్పూస, ఐస్‌క్రీం ఇవన్నీ ఆగకుండా దిగిపోతాయి, కడుపు నిండిన కబురు రాదు. రోజుకు ఐదు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాలు అంటే 40 గ్రాములకు పైన చక్కెర. చాలామంది దీన్ని తిండి లెక్కలో వేసుకోనే వేసుకోరు. ఏడు రోజులపాటు నోట్లోకి వెళ్లిన ప్రతిదీ, టైమ్‌తో సహా, దాచకుండా రాసి డైటీషియన్‌కి చూపించండి. వంట చేస్తూ రుచి చూసింది, పిల్లల ప్లేట్లో మిగిలింది కూడా రాయాలి.

రాత్రి లేచి తినడం, బాధేస్తే ఆపుకోలేక తినడం ఉంటే అది మందలించాల్సిన అలవాటు కాదండీ, చికిత్స చేయాల్సిన ఇబ్బంది. సైకాలజిస్ట్ దగ్గరికి పంపితే సర్జరీకి అడ్డం పెడుతున్నారని అనుకోవద్దు. తాగే అలవాటుంటే అదీ చెప్పండి, బైపాస్ తర్వాత మద్యం చాలా త్వరగా, ఎక్కువగా తలకెక్కుతుంది. బరువు పెంచే మందులేమైనా వాడుతున్నారేమో చూడండి: స్టెరాయిడ్లు, ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, ఓలాంజపీన్, వాల్‌ప్రోయేట్, మిర్టజపీన్. సొంతంగా ఆపొద్దు, మార్చే వీలుందా అని రాసిచ్చిన డాక్టర్నే అడగాలి. థైరాయిడ్ టీఎస్‌హెచ్ ఎలాగూ చేస్తారు.

వారానికోసారి తీసుకునే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు 2025లో బరువు కోసం మన దేశ మార్కెట్లోకి వచ్చాయి కాబట్టి వాటి గురించి కూడా మాట్లాడాలి. బరువు ఒక్కటే సమస్య అయితే రెండో కోతకి ముందు వీటిని ప్రయత్నించడం న్యాయమే. కానీ మీ రిఫ్లక్స్‌ని ఇవి బాగుచేయవు, పొట్ట నెమ్మదిగా ఖాళీ అవడం వల్ల కొందరికి వికారం, త్రేన్పులు ఎక్కువవుతాయి కూడా. ఇప్పటికే వాడుతుంటే మత్తు డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి. ఉపవాసమున్నా పొట్టలో ఆహారం మిగిలి, మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది.

రక్తపరీక్షల్లో అసలు కథ లోపాలది. స్లీవ్ అయి ఆరేళ్లు, గ్యాస్ మాత్రలు కొన్నేళ్లు, దానికి షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ తోడైతే బీ12 పడిపోయి ఉండే అవకాశం ఎక్కువ. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి సరే అనుకోవద్దు. ఫెరిటిన్ (ఐరన్ నిల్వలు), బీ12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, పీటీహెచ్ (కాల్షియాన్ని అదుపు చేసే హార్మోన్), ఆల్బుమిన్, జింక్, వీలైతే కాపర్, థయమిన్ (బీ1) చూడాలి. బీ12 తక్కువుండగా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. ఐరన్ బాగా తక్కువైతే మాత్రలతో నెలలు పడుతుంది, సెలైన్‌లో ఎక్కించే ఐరన్ అడగండి. ఐరన్, కాల్షియం మాత్రలకి కనీసం రెండు గంటల ఎడం ఉండాలి, ఐరన్‌తో టీ కాఫీ వద్దు. కాల్షియం కొనేటప్పుడు స్ట్రిప్ వెనక చూడండి, ఎక్కువగా కార్బనేట్ ఇస్తారు. దానికి యాసిడ్ కావాలి, బైపాస్ అయినవాళ్లకి సిట్రేట్ మేలు. లోపాలు ఇప్పుడే సరిచేసుకోవాలి. బైపాస్ తర్వాత ఇవి ఒంటికి పట్టడం ఇంకా తగ్గిపోతుంది.

ఈ లెక్కన రెండు నెలలు చాలవు. నా మాటగా చెప్తున్నా, మూడు నెలలు అడగండి. ఇది ఎమర్జెన్సీ కాదు.

ఆ మూడు నెలల్లో రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ అలవాటు కావాలి. ఒక గుడ్డుకి 6 గ్రాములు, 100 గ్రాముల పనీర్‌కి 18 దాకా, ఉడికించిన చికెన్ 100 గ్రాములకి 27 దాకా, 25 గ్రాముల పొడి మీల్‌మేకర్‌కి 13, చిన్న గిన్నె పప్పుకి 6 లేదా 7. పప్పన్నంతోనే 60 చేరదు, శాకాహారులైతే వే పౌడర్ (పాల నుంచి తీసిన ప్రొటీన్ పొడి) తప్పదనే చెప్పాలి. ముందు ప్రొటీన్, తర్వాత కూర, చివర్లో మిగిలిన చోటుంటే అన్నం. భోజనంతో నీళ్లు వద్దు, అరగంట ఆగాలి. సిగరెట్, గుట్కా, ఖైనీ, జర్దా ఏదైనా సరే కనీసం ఆరు వారాల ముందు పూర్తిగా మానాలి. పేగు అతికిన చోట పుండు పడడానికి పెద్ద కారణం పొగాకు. రెండోది నొప్పి మాత్రలు. మోకాళ్లకి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేసుకునే అలవాటుంటే ఇప్పుడే మానుకోవాలి, ఆపరేషన్ తర్వాత కూడా వాడకూడదు. పారాసిటమాల్ వాడొచ్చు. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే చెప్పండి. వాటిలోని ఈస్ట్రోజన్ వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి ముందుగా ఆపమంటారు. తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం వద్దంటారు, ఆ మాత్రలు బైపాస్ తర్వాత సరిగ్గా పట్టకపోవచ్చు కాబట్టి వేరే పద్ధతి ఆలోచించాలి. గురక ఎక్కువుంటే స్లీప్ స్టడీ చేయించండి, నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి అందించే సీప్యాప్ మెషిన్ ఇస్తే ఆపరేషన్ రోజు వెంట తీసుకెళ్లాలి.

చివరి రెండు వారాలు 800 నుంచి 1000 కేలరీల పథ్యం, పిండిపదార్థాలు బాగా తగ్గించి ఎక్కువగా ద్రవాలే. కారణమేంటంటే, పొట్ట పైభాగం కాలేయం ఎడమ భాగం కింద దాక్కుని ఉంటుంది. కొవ్వు పట్టిన కాలేయం బరువుగా, పెళుసుగా ఉంటుంది, ఎత్తితే చిట్లి రక్తం కారుతుంది. మీకు పాత స్టేప్లర్ లైన్ దానికే అతుక్కుని ఉండొచ్చు, దాన్ని విడదీయాలి కాబట్టి మొదటిసారి కంటే ఇప్పుడు ఈ పథ్యం అవసరం ఎక్కువ. వే షేక్‌లు, పలుచని మజ్జిగ, వడకట్టిన పప్పుకట్టు, సూప్, రెండు లీటర్ల నీళ్లు. డేట్ ముందురోజు 'ఆఖరి బిర్యానీ' తినొద్దు.

షుగర్ ఉన్నవాళ్లు ఇక్కడ మరీ జాగ్రత్తగా ఉండాలి. ఈ పథ్యం మొదలెట్టిన రోజు నుంచే గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ డోసులు తగ్గించకపోతే షుగర్ డౌన్ అవుతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. పిండిపదార్థాలు లేని పథ్యంలో అవి వేసుకుంటే, గ్లూకోమీటర్‌లో షుగర్ మామూలుగా కనిపిస్తూనే కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు ప్రమాదకరంగా పెరగడం) రావచ్చు. పథ్యం కాగితం ఇచ్చినరోజే మందుల షెడ్యూల్ కూడా రాసివ్వమనండి.

ఇన్సూరెన్స్ సంగతి. బీఎంఐ 40, లేదా 35 పైన ఉండి తీవ్రమైన స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం), అదుపులో లేని టైప్ 2 షుగర్, గుండెజబ్బు లాంటివి ఉంటేనే బరువు సర్జరీకి కవర్ అని పాలసీల్లో ఉంటుంది. మీది ఇప్పుడు 39 చిల్లర, కాబట్టి తోడు జబ్బు కాగితం మీద రుజువు కావాలి. పథ్యం మొదలయ్యే ముందే ఆసుపత్రిలో బరువు, ఎత్తు కొలిపించి రికార్డు చేయించండి. రిఫ్లక్స్ తీవ్రత, ఎండోస్కోపీ గ్రేడు సర్జన్ లెటర్‌లో ఉండాలి. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వచ్చి చేయించుకునేవాళ్లు రిటర్న్ టికెట్ వారానికే బుక్ చేసుకోకండి. దూరప్రయాణంలో కాళ్లలో గడ్డలు కట్టే ప్రమాదముంది, కుట్లు వేసిన చోట లీక్ అయితే ఎక్కువగా బయటపడేది కూడా ఆ మొదటి రోజుల్లోనే.

రెండోసారి లీక్, రక్తస్రావం మొదటిసారి కంటే ఎక్కువ. తగ్గే బరువు సాధారణంగా మొదటిసారి కంటే తక్కువ. మళ్లీ 74 చూస్తానన్న లెక్కతో వెళ్లకండి. మంట పోవడం, షుగర్ ఉంటే అది తగ్గడం, 98 దగ్గర ఆగకుండా కిందికి రావడం లక్ష్యంగా పెట్టుకోండి. సర్జన్‌ని ఏటా ఎన్ని రివిజన్లు (ఇలాంటి రెండోసారి సర్జరీలు) చేస్తారని, రాత్రి రెండింటికి లీక్ అనుమానం వస్తే ఆ ఆసుపత్రిలో సీటీ, ఐసీయూ, ఎండోస్కోపీ చేసే మనిషి ఉంటారా అని అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంటికొచ్చాక మందు కొలిచే 30 మిల్లీలీటర్ల కప్పు ఒకటి దగ్గర పెట్టుకుని, పదిహేను నిమిషాలకో కప్పు గుటకగుటకగా తాగాలి. నాడి 120 దాటినా, జ్వరం, ఎడమ భుజం నొప్పి, ఆయాసం వచ్చినా గ్యాస్ అనుకుని తెల్లారేదాకా ఆగొద్దు, ఆపరేషన్ చేసినచోటికే వెళ్లాలి. వాంతులు రెండు మూడు రోజులు ఆగకపోతే ఇంట్లోవాళ్లు నీరసంగా ఉందని దగ్గర్లోని ఆర్‌ఎంపీతో గ్లూకోజ్ బాటిల్ పెట్టిస్తారు. థయమిన్ లేని ఒంట్లోకి గ్లూకోజ్ ఎక్కిస్తే చూపు రెండుగా కనపడడం, తూలడం, మతి తప్పడం దాకా వెళ్లొచ్చు. ముందు థయమిన్ ఇంజెక్షన్, తర్వాతే గ్లూకోజ్. ఈ ఒక్క వాక్యం, మీ సర్జన్ ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మీరు చెప్పలేని స్థితిలో ఉన్నా ఇంట్లోవాళ్లు చూపించగలగాలి.